డిమ్ము కొట్టవయ్యా బాబూ!

తెల్లవారుజామున ముహూర్తాలు పెట్టే పురోహితులకీ, హెడ్‌లైట్ల అద్దాలు పోతపోసేవాళ్ళకీ ఏమిటి సంబంధమని అడిగితే, కృష్ణాజిల్లా ఆడవాళ్ళు ఠక్కున జవాబు చెబుతారు. గుడివాడలోనో అవనిగడ్డలోనో పెళ్ళి చూసుకుని, పట్టుచీరె నలక్కుండా కారు వెనకసీట్లో సర్దుకుని, ఒడిలో పిల్ల నిద్రపోతూ వుంటే కాలవగట్టు వెంబడి ఇంటికి తిరిగి వస్తాం. ఇంతలో ఎదురుగా రెండు సూర్యుళ్ళు ఒక్కసారే ఉదయించినట్టు లారీ వస్తుంది. మన డ్రైవరు లైట్లు తగ్గించి, పెంచి, మళ్ళీ తగ్గించి సైగ చేస్తాడు. అవతలివాడికి పట్టదు. కారులో వున్న పెద్దావిడ ఎవరో, ఆ లారీవాడికి వినపడుతుందన్నట్టు, "డిమ్ము కొట్టవయ్యా బాబూ!" అంటుంది. లారీ పక్కనుంచి దాటిపోతుంది. ఆ తరవాత రెండు క్షణాలు ఎవ్వరికీ ఏమీ కనపడదు.

రెండు క్షణాలే కదా అనుకోకండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి క్షణానికి దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే మన డ్రైవరు 33 మీటర్లు, 110 అడుగులు, కళ్ళు మూసుకుని నడిపినట్టే లెక్క. డెల్టాలో రోడ్డుకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క పంటబోదె. కళ్ళు మూసుకుని 110 అడుగులు పోవడానికి ఇక్కడ చోటెక్కడుంది?

ఈ హెడ్‌లైటు అనే వస్తువు వెనక రెండు వేల ఏళ్ళకి పైబడిన చరిత్ర వుందని నాకీమధ్యనే తెలిసింది. నా నవలలోకి ఒక లారీ డ్రైవరు జొరబడ్డాడు. అతను రాత్రిళ్ళు ఏం చూస్తాడో, ఎంత దూరం చూస్తాడో తెలియకుండా అతని చేత లారీ నడిపించడం ఎలాగ? బి.ఏ.లో చరిత్రా, తెలుగూ చదువుకున్నదాన్ని. కాంతిశాస్త్రం పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను. పుస్తకాల్లో దొరికిందాన్నీ, బెజవాడ ఆటోనగర్లో ఒక గోడమీద కళ్ళారా చూసిందాన్నీ కలిపి మీకు చెబుతాను. భయపడకండి, సూత్రాలూ సమీకరణాలూ లేవు. కావలసిన సామానంతా మీ ఇంట్లోనే వుంది.

ముందు కొత్త స్టీలు గరిటె ఒకటి తీసుకోండి. దాని గుంటలోకి చూసుకుంటే మన మొహం తలకిందులుగా కనిపిస్తుంది. వెనక్కి తిప్పితే మొహం నిటారుగానే, కాకపోతే చిన్నదిగా కనపడుతుంది. లోహం అదే, మెరుపు అదే. మారింది వంపు ఒక్కటే. వెలుగుని ఎటు పంపాలో నిర్ణయించేది వంపు. ఇది మొదటి పాఠం.

రెండో పాఠానికి పాతకాలపు టార్చిలైటు కావాలి, మూతి తిప్పితే వెలుగు చిన్నదీ పెద్దదీ అయ్యే రకం. ఒక చోట వుంచితే ఎదురింటి డాబా మీది కాకిని కూడా పట్టుకునేంత బిగువుగా వెలుగు పోతుంది. కాస్త తిప్పితే చాపలాగా పరుచుకుంటుంది. తిప్పినప్పుడు లోపల జరిగేదేమిటి? బల్బుకీ, దాని వెనక వున్న మెరిసే గిన్నెకీ మధ్య దూరం ఒక నూలు వాసి మారుతుంది. అంతే! ఆ గిన్నెకి ఒక ఆయువుపట్టు వుంది. దాన్ని తెలుగు పుస్తకాల్లో నాభి అన్నారు, మెకానిక్కులు ఫోకస్ అంటారు. దీపం సరిగ్గా అక్కడుంటే వెలుగు తిన్నగా దూరం పోతుంది. పక్కకి జరిగితే చెదిరిపోతుంది.

ఆ గిన్నె వంపు మామూలు గుండ్రం కాదు. మామిడికాయ కోసం పిల్లాడు విసిరిన రాయి పైకి లేచి, వంగి, కిందపడే దారి వుంది చూడండి, ఆ వంపు. పరావలయం అంటారు. మామూలు గుండ్రపు గిన్నె అయితే సూర్యకాంతిని ఒక్క చోటికి చేర్చలేదు, అంచుల దగ్గర పడిన కిరణాలు దారి తప్పుతాయి. పరావలయమైతే ఎండనంతా ఒక్క బిందువు దగ్గరికి చేరుస్తుంది. ఈ సంగతి రుజువు చేసినవాడు డయోక్లిస్ అనే గ్రీకు పండితుడు, క్రీస్తుకి పూర్వం సుమారు 200 ప్రాంతం వాడు. ఎండతో నిప్పు రాజేసే అద్దాల గురించి ఆయన రాసిన పుస్తకం గ్రీకు మూలంలో పోయింది, అరబ్బీ అనువాదం మిగిలింది. పదకొండో శతాబ్దంలో కైరోలో వుండిన ఇబ్న్ అల్ హైథమ్ కూడా ఇదే అద్దం మీద గ్రంథం రాశాడు. వీళ్ళందరూ ఆలోచించింది ఎండని లోపలికి పోగు చెయ్యడం గురించి. అదే దారిని తిరగేసి, పోగయ్యే చోట దీపం పెడితే వెలుగు బయటికి బాణంలా పోతుందన్న సంగతి పెద్ద ఎత్తున పనికొచ్చింది మాత్రం చాలా శతాబ్దాల తరవాత, సముద్రం ఒడ్డున.

సముద్రమంటే మనకి బందరే కదా. బెజవాడలో బందరు రోడ్డు పట్టుకుని పటమట దాటితే ఆటోనగర్. అదే రోడ్డున ఇంకో 70 కిలోమీటర్లు పోతే బందరు. అక్కణ్ణించి కాస్త ముందుకు పోతే మంగినపూడి తీరం, ఆ తీరాన దీపస్తంభం. హెడ్‌లైటుకి తాతగారు అలాంటి దీపస్తంభమే.

1763 ప్రాంతంలో ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవులో విలియం హచిన్సన్ అనే ఉద్యోగి దీపస్తంభానికి పరావలయం గిన్నె తయారుచేయించాడు. అంత పెద్ద అద్దం పోతపోయడం అప్పట్లో ఎవరి తరమూ కాదు. అందుకని కర్రతో గిన్నె చేయించి, లోపల చిన్న చిన్న అద్దం ముక్కలు అతికించాడు. మన లంబాడీ స్త్రీల రవికెల మీద అద్దాలు చూశాం కదూ, ఇంచుమించు ఆ పనితనమే. తరవాత 1780లలో స్విట్జర్లండువాడు ఆర్గాండ్, గుండ్రటి బోలు వత్తీ, దాని మీద గాజు చిమ్నీ పెట్టి పొగలేని కాంతివంతమైన దీపం తయారుచేశాడు. మన అమ్మమ్మలు రోజూ సాయంత్రం ముగ్గుతో తుడిచిన చిమ్నీకి మూలపురుషుడు ఆయనే.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఆనాటి మెరుగుపెట్టిన లోహపు గిన్నెలు వెలుగులో సగానికి సగం తామే మింగేసేవి. గిన్నెకి బదులు గాజు భూతద్దం పెడదామంటే, అంత పెద్ద భూతద్దం మధ్యలో రుబ్బురోలంత మందం అవుతుంది. బరువూ ఎక్కువే, వెలుగునీ మింగుతుంది. ఈ ముడి విప్పినవాడు ఫ్రెనెల్ అనే ఫ్రెంచి యువకుడు. వృత్తి ఏమిటనుకున్నారు? రోడ్లు వేయించే ప్రభుత్వ ఇంజనీరు! ఆయన ఆలోచన వంటింటి ఇల్లాలి ఆలోచనలా వుంటుంది. వెలుగు వంగేది గాజు ఉపరితలం దగ్గర. లోపలి మందంతో పనిలేదు. అలాంటప్పుడు ఆ కండంతా ఎందుకు మొయ్యడం? భూతద్దాన్ని ఉంగరాలు ఉంగరాలుగా విడగొట్టి, ఒక్కొక్క ఉంగరానికీ కావలసిన వాలు మాత్రం వుంచి, తక్కిన గాజు తీసేశాడు. 1823 జులైలో ఫ్రాన్సు పడమటి తీరాన కోర్దువాన్ దీపస్తంభంలో ఆ అద్దం వెలిగింది. నాలుగేళ్ళకే, 39 ఏళ్ళ వయసులో, క్షయతో ఫ్రెనెల్ పోయాడు. ప్రపంచంలోని రేవులన్నీ ఆయన ఉంగరాల అద్దాలు పెట్టుకున్నాయి. పాత అంబాసిడర్ కారు హెడ్‌లైటు అద్దం మీద నిలువుగీతలూ, గళ్ళూ వుండేవి, గుర్తుందా? అందానికి పెట్టినవి కావవి. ఒక్కొక్క గడీ ఒక్కొక్క చిన్న పట్టకం, వెలుగుని ఇంత పక్కకి, ఇంత కిందకి అని పంచిపెట్టే మేస్త్రీ. ఫ్రెనెల్ నేర్పిన విద్యే.

ఇక్కడ తాతకీ మనవడికీ ఒక పెద్ద తేడా వచ్చింది. దీపస్తంభం పని ఎదుటివాడి కంట్లో పడడం. ఎంత దూరంనుంచి కంట్లో పడితే అంత గొప్ప. హెడ్‌లైటు పని దారి చూపించడం, ఎదుటివాడి కంట్లో పడకుండా! సముద్రం మీద పుణ్యమైంది రోడ్డు మీద పాపమైపోయింది. హెడ్‌లైటు చరిత్రంతా ఈ ఒక్క చిక్కుతో పెనుగులాటే.

తొలినాటి కార్లకి కార్బైడు దీపాలుండేవి. కార్బైడు రాళ్ళ మీద నీటిచుక్కలు పడి, గ్యాసు పుట్టి, అది మండేది. మంట ఒక బిందువులో ఒదిగి కూచోదు కదా, గాలికి ఊగుతుంది. అందుకని గిన్నె ఎంత బాగున్నా వెలుగు చెదిరేది, ఎవరికీ పెద్దగా బాధా వుండేది కాదు. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకి కరెంటు స్టార్టరూ, కరెంటు లైట్లూ కలిపి అమర్చారు. హ్యాండిలు వేసి తిప్పే బాధ తప్పి ఆడవాళ్ళు కూడా హాయిగా కార్లు నడపగలిగింది అప్పట్నించే. సన్నటి తీగచుట్ట సరిగ్గా నాభి దగ్గర నిలబడింది. వెలుగు బాణమైంది. బాణం అవగానే ఎదుటివాడి కంట్లో గుచ్చుకుంది.

దానికి విరుగుడుగా 1920ల మధ్యలో ఒకే బల్బులో రెండు తీగలు పెట్టిన రకం యూరపులో వచ్చింది. బ్రైటు తీగ నాభి దగ్గర వుంటుంది. డిమ్ము తీగ నాభికి కాస్త ముందు వుంటుంది. అలా ముందుకు జరిపితే గిన్నె పైసగం మీద పడిన వెలుగు కిందికి, రోడ్డు మీదికి వంగుతుంది. మంచిదే. కాని గిన్నె కిందిసగం మీద పడింది పైకి, ఎదుటివాడి కళ్ళలోకి ఎగురుతుంది. మరి ఎలాగ? డిమ్ము తీగ కింద ఇంతే ఇంత లోహపు దొన్నె పెట్టారు, కిందికి పోయే వెలుగుని అక్కడే ఆపెయ్యడానికి. పుట్టిన వెలుగులో అంత భాగాన్ని పరాయి కళ్ళ కోసం కావాలని ఆర్పేస్తున్నారన్నమాట! ఇంజనీర్లలో ఇంత మర్యాదస్తులున్నారని నేననుకోలేదు.

1940లో అమెరికావాళ్ళు ఏడంగుళాల గుండ్రటి దీపం ఒక్కటే అన్ని కార్లకీ పెట్టారు. గిన్నె, తీగ, అద్దం కలిపి సీలు చేసేసిన దీపం అది. తీగ తెగితే మొత్తం పారెయ్యాలి, కాని తీగ తన చోటునుంచి కదలడమన్నది లేదు, గిన్నె మసిబారడమన్నది లేదు. 1950ల రెండో భాగంలో యూరపువాళ్ళు ఆ దొన్నె అంచుని ఒక పక్క 15 డిగ్రీలు వాల్చారు. దాంతో వెలుగు ఎదుటి బండి వైపు అణిగి, రోడ్డు అంచు వైపు మాత్రం ఏటవాలుగా పైకి లేస్తుంది. మన దేశంలో ఎడమపక్క నడుస్తాం కనుక ఆ లేచేది ఎడమకి వుండాలి. సైకిలు మీద పోయేవాళ్ళూ, ఎడ్లబండీ, తెల్లవారకుండా పాలకేను పట్టుకు బయల్దేరిన మనిషీ కనపడేది ఆ వాలు వెలుగులోనే. కుడిపక్క నడిచే దేశాలకి చేసిన దీపాన్ని తెచ్చి ఇక్కడ బిగిస్తే ఆ వాలు నేరుగా ఎదుటివాడి మొహానికి తగులుతుంది. చవగ్గా దొరికిందని కొన్న విదేశీ దీపంతో వచ్చే చిక్కు ఇదే. 1971లో ఈ రెండు తీగలూ, ఆ దొన్నే వున్న హాలోజన్ బల్బు, హెచ్4 రకం, వచ్చింది. తీగనుంచి ఆవిరైన లోహాన్ని మళ్ళీ తీగ మీదికే చేర్చే వాయువు అందులో వుంటుంది. గాజు నల్లబడదు, వెలుగు తగ్గదు.

మన రోడ్ల మీద ఒకప్పుడు దీనికి ఇంకో వైద్యం వుండేది. లారీలకీ, కార్లకీ హెడ్‌లైటు అద్దం పైభాగాన నల్లరంగు పూసేవారు. పైన నలుపు పూస్తే పైకి పోయే వెలుగు ఆగుతుందని లోకుల నమ్మకం. ఇది నిజమో కాదో మీ పిల్లవాడి భూతద్దంతో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పట్టపగలు కిటికీకి ఎదురుగా వున్న గోడ దగ్గర భూతద్దం పట్టుకోండి. ముందుకీ వెనక్కీ జరిపితే కిటికీ బొమ్మ తలకిందులుగా గోడమీద పడుతుంది. ఇప్పుడు అద్దంలో పైసగం పోస్టుకార్డుతో మూసెయ్యండి. బొమ్మలో సగం పోయిందా? పోదు! కిటికీ మొత్తం అలాగే వుంటుంది, కాస్త మసక అవుతుందంతే. అద్దంలో ప్రతి ముక్కా మొత్తం బొమ్మని తనంత తానే గీస్తుంది. హెడ్‌లైటుదీ అదే వరస. నల్లరంగు పూస్తే బ్రైటు తగ్గుతుంది గాని దిక్కు మారదు. పైగా డిమ్ము వేసినప్పుడు రోడ్డుకి వెలుగిచ్చేది గిన్నె పైసగమే కదా! ఆ మంచి వెలుగుకే మసి పూసినట్టు. రోగం ఒకచోట, పట్టీ ఇంకోచోట.

సరైన వైద్యం ఏమిటో ఆటోనగర్లో చూశాను. 1966లో జవహర్ ఆటోనగర్‌గా మొదలైన ఆ పేటలో లారీకి చెయ్యలేని పని లేదు. బాడీ కట్టేవాళ్ళు, పట్టీలు సాగగొట్టేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, వెనక తలుపు మీద నెమళ్ళు గీసేవాళ్ళు, ఎవరి షెడ్డు వారిది. పొద్దుగూకిన తరవాత ఒక ఎలక్ట్రీషియన్ షెడ్డు ముందు నిలబడ్డాను. అరవై దాటిన పెద్దాయన. లారీని చదునైన నేలమీద, గోడకి 25 అడుగుల దూరాన నిలబెట్టించాడు. హెడ్‌లైటు నడిబొడ్డు ఎంత ఎత్తుందో కొలిచి, గోడమీద అదే ఎత్తున సుద్దముక్కతో అడ్డగీత గీశాడు. దానికి మూడంగుళాల కింద ఇంకో గీత గీసి, డిమ్ము వెయ్యమన్నాడు. గోడమీద వెలుగు పడింది. పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో కత్తితో కోసినట్టు అంచు. ఆయన హెడ్‌లైటు అంచున వున్న మరలు తిప్పుతూ ఆ అంచుని కిందిగీత మీదికి తెచ్చాడు.

"చూడండమ్మా, ఈ గీత మీద చీకటుండాలి. కింద వెలుగుండాలి. ఎంత దూరం కొట్టిందని అందరూ అడుగుతారండి. ఎక్కడ ఆగిందని ఎవరూ అడగరు" అన్నాడు.

నేను ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. 25 అడుగులంటే 300 అంగుళాలు. మూడంగుళాలు దిగిందంటే నూటికి ఒకటి. మూడడుగుల ఎత్తున వున్న దీపం వెలుగంచు 300 అడుగుల దూరాన నేలకి తగులుతుంది. యూరపు దేశాల్లో కార్లకి మామూలుగా పాటించే కొలతా అదే, పది మీటర్లకి పది సెంటీమీటర్లు. ఆయన ఏ పుస్తకమూ తిరగెయ్యలేదు. గోడా, సుద్దముక్కా, స్క్రూడ్రైవరూ ఆయన ప్రయోగశాల.

"మరి ఇది ఖాళీ లారీ కదండీ, ధాన్యం బస్తాలు ఎక్కిన తరవాత?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "అసలు సంగతి అడిగారు. వెనక బరువు పడితే బండి ముక్కు లేస్తుందండి. ముక్కుతోపాటు లైటూ లేస్తుంది. లోడుతో పోయే బండైతే లోడుతో తెమ్మంటాను. ఎవరు తెస్తారమ్మా, తొందర వాళ్ళది."

ముక్కు ఒక్క డిగ్రీ లేస్తే చాలు. 150 అడుగుల దూరాన అడుగున్నర ఎత్తులో వుండవలసిన వెలుగంచు నాలుగడుగులు దాటుతుంది. కారులో కూచున్న మనిషి కళ్ళు సరిగ్గా అక్కడే వుంటాయి. అంటే ఆ లారీ అతను నిజంగా డిమ్ము వేసే వుండవచ్చు. డిమ్ము కూడా బ్రైటులాగా మన కళ్ళలో పడుతోంది. మనం తిట్టుకున్న డ్రైవర్లలో ఎందరు నిర్దోషులో!

ఇప్పుడు కొత్త ముచ్చట ఎల్.ఇ.డి. బల్బులు. ఆ దీపం కోసమే గిన్నె, అద్దం రూపొందించి కంపెనీ బిగించి ఇచ్చినవైతే పేచీ లేదు. పాత హాలోజన్ గిన్నెలో బజారునుంచి తెచ్చిన ఎల్.ఇ.డి. దోపడంతోనే చిక్కు. ఆ గిన్నె వంపు, గళ్ళు అన్నీ సన్నటి తీగచుట్టని లెక్కలో పెట్టుకుని చేసినవి. కొత్త బల్బులో వెలిగే బిళ్ళ ఆకారం వేరు, చాలావాటిలో చోటు కూడా నూలు వాసి తేడా. టార్చి మూతి తిప్పినప్పుడు నూలు వాసి ఎంత పని చేసిందో చూశాం కదా. గోడకి పెట్టి చూస్తే గీత కనపడదు, తెల్లటి మబ్బు కనపడుతుంది. డ్రైవరు కళ్ళముందు పది గజాలు పట్టపగలైపోతుంది, దాంతో అతను మురిసిపోతాడు. కాని దగ్గర అంత వెలుగైతే కన్ను దూరపు చీకట్లో చూసే శక్తి పోగొట్టుకుంటుంది. అతనికీ నష్టమే, ఎదుటివాడికీ నష్టమే. కంట్లో శుక్లం మొదలైన పెద్దవాళ్ళకి మరీను. మసకబారిన కంటి కటకంలో ఆ వెలుగు చెదిరి, చూపు మీద తెల్లతెర కప్పుతుంది. కుర్రవాళ్ళు రెప్పపాటులో తేరుకుంటారు, మన నాన్నగార్లకి అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది.

డయోక్లిస్ వంపు చెప్పాడు. ఫ్రెనెల్ గాజుని పొదుపుగా వాడడం చెప్పాడు. ఊరూ పేరూ మనకి తెలియని ఇంజనీర్లు వెలుగుని ఎక్కడ ఆపాలో చెప్పారు. ఇన్ని తరాల తెలివి చివరికి చేరేది 25 అడుగుల దూరాన వున్న ఒక గోడ మీదికి. ఈసారి మీవారో, మీ అబ్బాయో కొత్త బల్బు వేయించుకొచ్చి, "చూశావా, ఎంత దూరం కొడుతోందో!" అంటే మెచ్చుకోవడానికి తొందరపడకండి. "ఎక్కడ ఆగుతోందండీ?" అని అడగండి. తెల్లబోయి చూస్తారు. ఫరవాలేదు, మర్నాడు సాయంత్రం బండి ఏదో ఒక గోడ ముందు నిలబడుతుంది. సుద్దముక్క మాత్రం మీరే అందించండి.